చీరాలలో 'రాదమ్మ' బోర్డు

చీరాల వెళ్లింది చీరల కోసం కాదు, నా అక్షరాలు చూసుకుని మురిసిపోదామని. నేను తెలుగు ఫాంట్లు గీస్తాను. మూడేళ్ల క్రితం 'ఉరవడి' అని ఒకటి చేశాను. కొసల్లో సొగసులేమీ ఉండవు, గీతంతా ఒకటే లావు, అక్షరం కుడివైపుకి వాలి పరుగెత్తుతున్నట్టుంటుంది. ఇంగ్లిషుకి బోల్డ్ ఇటాలిక్ ఉందిగా, మనకెందుకు ఉండకూడదని నా పంతం. చీరాలలో ఒక చేనేత కొట్టు బోర్డుకి దాన్ని వాడారని స్నేహితుడు చెప్పగానే బయల్దేరాను.

గుంటూరులో ఉదయం ఏడింటికి బస్సెక్కితే పొన్నూరు, బాపట్ల మీదుగా రెండు గంటల పైనే పడుతుంది. టికెట్టు వంద రూపాయలకి అటూ ఇటూ. ఊరు దాటేదాకా కోచింగ్ సెంటర్ల గోడల మీద, మిర్చి కోల్డ్ స్టోరేజీల మీద, పురుగుమందుల ప్రకటనల మీద నా అక్షరాలే. అవి నావేనని పక్క సీటాయనకి చెప్పాలని నోరు ఒకటే దురద.

చీరాలలో దిగి, రాధమ్మ చేనేత ఎక్కడని ఆటో ఆయన్ని అడిగాను.

"ఓ, రాదమ్మ కొట్టా! ఎక్కండి," అని పగలబడి నవ్వాడు. "చీర రాదమ్మా, బేరం రాదమ్మా అని బజారంతా ఒకటే ఎగతాళండి."

బోర్డు చూడగానే నా మొహం మాడిపోయింది. 'ధ' కింద ఉండాల్సిన చిన్న గీత ఆ లావులో కలిసిపోయింది. రోడ్డు మీంచి చూస్తే అచ్చంగా 'ద'.

రాధమ్మగారికి యాభై దాటాయి. పాతికేళ్లు షావుకార్లకి నేసి, ఈమధ్యే సొంత కొట్టు పెట్టారు. "మొదటిసారి నా పేరు రాయించుకున్నానండి. నవ్వులపాలైంది. ఎదురు కొట్లో ఆ ఫ్లెక్సీ రమణ ఒత్తు ఎగ్గొట్టాడు. పలకరించటం మానేశా," అన్నారు. నేను తలూపాను. ఛీ, తలూపాను! అందం చెడుతోందని ఆ గీతని పొట్టి చేసింది నేనే. జనం ఎలాగూ పోల్చుకుంటారులే అనుకున్నాను.

ఇంతలో, కొట్లోనే ఓ మూల ఆమె మాట్లాడుతూ నేస్తున్న మగ్గం మీద పోగు తెగింది. నేత ఆపి, ఓపిగ్గా ముడేశారు.

"ఒక్క పోగేగా, ఎవరికి కనపడుద్ది?" అన్నాను.

"నాకు కనపడుద్దిగా అండీ."

ఇక ఆగలేకపోయాను. "తప్పు రమణది కాదండీ. ఆ అక్షరం చేసింది నేను."

ఆమె నా వంక చూసి లేచారు. "నాతో చెబితే ఏం లాభం? వచ్చి అతనికి చెప్పండి."

రమణ అంతా విని కంప్యూటర్లో ఆ బోర్డు తెరిచి చూపించాడు. "నాలుగు నెలల్నుంచి అక్క నా మొహం చూట్టం లేదు సార్. ఇందులో అట్టాగే వస్తందక్కా అంటే నమ్మలేదు." రాధమ్మగారు కళ్లొత్తుకున్నారు. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

గీత సరిచేశాను, బోర్డు మార్పించాను. సిగ్గు మాత్రం పోలేదు. అక్షరాన్ని వాల్చితే వేగం వస్తుందనుకున్నానే గాని, అది ఒకరి పేరు మీంచి తొక్కుకుంటూ పోతుందని తోచలేదు. మీ పేరులో ధ, భ, ఫ ఏదున్నా, బోర్డు అచ్చుకిచ్చే ముందు కాగితం మీద తీయించి రోడ్డుకి అవతల నిలబడి చదవండి. ఇప్పటికే ఉరవడితో రాయించుకుని ఒత్తు పోగొట్టుకుంటే, ఫ్లెక్సీ వేసినతన్ని తిట్టకండి. నన్ను తిట్టండి.