జడల రైలు

మా మనవరాలు కాలేజీ నుంచి రాగానే తలలోంచి రెండు క్లిప్పులు తీసి, జానెడు వెడల్పు జుట్టు ఊడదీసి కుర్చీ వీపుకి తగిలిస్తుంది. దాన్నుంచి స్ట్రాబెర్రీ లాంటి వాసనేదో వస్తుంది. "ఎక్స్‌టెన్షన్ నాన్నమ్మా, అందరూ పెట్టుకుంటారు" అంటుంది. నిజమే, ఇందులో దాచడానికేముంది? నేను మాత్రం ఆ కుర్చీ వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోతాను.

అరవైల చివర్లో, పాతపట్నం దగ్గర మా ఊళ్ళో, జుట్టంటే కుంకుడు రసం, ఆముదం, సాంబ్రాణి పొగ వాసనే. వేసవి మధ్యాహ్నాలు, పనసపండు కోసిన జిగురు చేతులకింకా వదలకముందే, మా ఇంటి ఆడవాళ్ళంతా పెరటి వసారాలో ఒకరి వెనక ఒకరు రైలుపెట్టెల్లా కూర్చునేవాళ్ళు. అందరికన్నా ముందు నేను, నా వెనక నా తల దువ్వుతూ అమ్మ, అమ్మ జుట్టు చిక్కు తీస్తూ పైడమ్మ పిన్ని, పిన్నికి జడ అల్లుతూ మా మామ్మ. మామ్మ వెనక గోడ. ఆవిడ చుట్టుకునే వేలుముడికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఇంజను చోటు నాదేనన్న గర్వమే గాని, నా నెత్తిన లాగడానికంటూ ఏమీ ఉండేది కాదు. బడికి రిబ్బన్లతో మడిచి కట్టే రెండు జడలకీ పాయలు దొరకబుచ్చుకునేసరికి అమ్మకి తల ప్రాణం తోకకొచ్చేది. ఆ తోకైనా ఎలకతోకే.

పిన్ని, అమ్మకి ఆఖరి చెల్లెలు. వాళ్ళ అమ్మానాన్నా పోయాక మా ఇంట్లోనే పెరిగింది. ఆవిడ జడ మోకాళ్ళు దాటేది. మా బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ నడినెత్తిన జుట్టు గుట్టలా ఎత్తి దువ్వుకుని వీధంట వెళ్తుంటే, మామ్మ వసారాలోంచే "ఓలమ్మ, ఆ బుట్ట కింద ఏటి దాసినాదే, కోడిపెట్టనా?" అనేది. పిన్ని నవ్వుకి రైలంతా కదిలిపోయేది.

సముద్రం వైపు నుంచి మొగలిపూలు వచ్చే రోజుల్లో, పెళ్ళి కుదిరిన పిల్లలకి మొగలిరేకుల జడ కుట్టి, వెనక నిలువుటద్దం పెట్టి, ముఖమూ జడా రెండూ పడేలా ఫోటో తీయించేవాళ్ళు. పిన్నికి అలాంటి ఫోటో తీయించాలని అమ్మ ఎంతో ఆశ పెట్టుకుంది.

ఆ ఏడు చలికాలం చివర పిన్నికి టైఫాయిడ్ వచ్చింది. మనిషి దక్కింది గాని జుట్టు పిడికిళ్ళకొద్దీ ఊడిపోయింది. అమ్మ దువ్వెనకి వచ్చిన ప్రతి వెంట్రుకా వేలికి చుట్టి చూరులో దోపింది. అంతకుముందు మామూలుగా రాలిన పిన్ని జుట్టునీ అలాగే విడిగా దాచేవాళ్ళం. సవరాలు కట్టే ముసలమ్మ వచ్చినప్పుడు అమ్మ అదంతా ఇచ్చి సవరం కట్టించింది. భుజాల దాకా మిగిలిన జుట్టులో దాన్ని కలిపి అల్లితే, జడ మళ్ళీ మోకాళ్ళు దాటింది.

నెల్లిమర్ల నుంచి పెళ్ళివారొచ్చారు. అమ్మ తెల్లవారకముందే లేచి బెల్లం పోకుండలు వండింది. పిన్ని కనకాంబరాలు పెట్టుకుని చాప మీద కూర్చుంది. పిల్ల జడ చేత్తో పట్టి చూడడం మా వైపు పెద్ద ముత్తయిదువలకి అలవాటే. పెళ్ళికొడుకు మేనత్త జడ అందుకుని, "సొంత జుట్టేనేటి?" అంది.

"దానిదేనమ్మా, ఒట్టు" అంది అమ్మ. ఆ మాటలో అబద్ధం లేదు.

మేనత్త ఒక్క లాగు లాగింది. సవరం, దాంతోపాటు కనకాంబరాలు, ఆవిడ చేతిలోకి వచ్చేశాయి.

"దానిదే అయితే నా సేతికెందుకొచ్చినాదమ్మా?"

"జొరమొచ్చి రాలిపోనాదమ్మా. ఇదీ దాని తలదే. మళ్ళీ వస్తాది" అంది అమ్మ, చేతులు జోడించి.

"జొరం సంగతి దాసినోలు ఇంకేటి దాసినారో! ఒరే, బండి కట్టండిరా."

పోకుండలు పళ్ళేల్లోనే ఉండిపోయాయి. పిన్ని చాప మీంచి లేచి, సవరం తీసుకెళ్ళి, తీసిన చోటే చూరులో దోపేసింది.

రోగిష్టి పిల్లన్న మాట మా కన్నా ముందు ఊళ్ళు తిరిగొచ్చింది. జుట్టు కూడా, అమ్మ అన్నట్టే, తిరిగొచ్చింది. మునుపటి కన్నా ఒత్తుగా వచ్చింది. చూడ్డానికే ఎవరూ రాలేదు. పిన్ని దాన్ని ముడి చుట్టేసి, రైల్లో చోటు మార్చుకుంది. మామ్మని ముందుకి జరిపి తను వెనక కూర్చుంది, గోడకి ఆనుకుని. నేను దువ్వెన పట్టుకెళ్తే, "ఒగ్గీయే, సిక్కేటీ నేదు" అనేది.

ఆ తరవాత నా తల మీంచి కాలం చాలా రకాలుగా నడిచింది. కాలేజీలో ఒంటిజడ, పెళ్ళయ్యాక కొప్పు, ఉద్యోగంలో రబ్బరుబ్యాండు, ఇప్పుడు మెడ దాకా కత్తిరించిన పిచ్చుకగూడు. పిన్ని ముడి మాత్రం మారలేదు. మామ్మ పోయింది, అమ్మ పోయింది. పిన్ని ఆఖరిదాకా తన తల తనే దువ్వుకుంది.

ఆవిడ పోయిన రోజు స్నానం చేయించేటప్పుడు ముడి విప్పాను. నెరిసిన జుట్టు పీట మీంచి జారి నేల మీద పరుచుకుంది. వెనక కూర్చుని చిక్కు తీశాను. అన్నేళ్ళకి పిన్ని వెనక ఒక మనిషి కూర్చుంది, ఆవిడకి తెలియకుండా.

నిన్న మనవరాలి తల దువ్వుతానని వెనక చేరాను. ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "వద్దు నాన్నమ్మా, చిక్కేం లేదు" అంది.

నా తల నేనే దువ్వుకున్నాను. దువ్వెనకి వచ్చిన నాలుగు వెంట్రుకలూ వేలికి చుట్టి, దోపడానికి చూరు కోసం తలెత్తాను. తెల్లటి స్లాబు. చెత్తబుట్టలో పడేశాను.