ఏప్రిల్ రాజీనామాలు

నాకు ముక్కు మీద కోపమని మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. అయినా నిజామాబాద్‌లోని మా ప్రైవేటు బడిలో ఏటా ఏప్రిల్ చివర తెల్లకాగితం మీద రాజీనామా రాసి, నోరు మూసుకొని సంతకం పెట్టేదాన్ని. టీచర్లందరం పెట్టేవాళ్లం. అది అక్కడి పద్ధతి. హెడ్‌మిస్ట్రెస్ గారే గది గదికీ తిరిగి, పరీక్ష పేపర్లు పోగు చేసినట్టు వాటిని వసూలు చేసేవారు. జూన్‌లో బడి తెరిచే రోజు మమ్మల్ని మళ్లీ కొత్తగా చేర్చుకునేవారు.

పోనీ మే నెలంతా ఇంట్లో కూర్చునేవాళ్లమా అంటే అదీ లేదు. అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరిగేవాళ్లం. మా పుట్టిల్లు బోధన్ కాబట్టి ఆ వైపు ఊళ్లన్నీ నాకే అంటగట్టేవారు. నిజాంసాగర్ కాలువ గట్ల మీద, చెరకు తోటల మధ్య, కొంగు నెత్తిన కప్పుకొని కరపత్రాలు పంచుతూ తిరిగేదాన్ని. బీడీలు చుట్టే తల్లులు ఒళ్లో చాట దించకుండానే నా మాట వినేవారు. వాళ్లలో ఒకామె ప్రతి వేసవిలోనూ మజ్జిగ ఇచ్చి ఇదే అడిగేది.

"గింత ఎండల తిర్గుతున్నవు టీచరమ్మా, నీకు సెలవులు లెవ్వా?"

లేవని నవ్వేదాన్ని.

హెడ్‌మిస్ట్రెస్ గారు రిటైరైనప్పుడు ఆ కుర్చీ నాదే అనుకున్నాను. అనుకోవడమేమిటి, నాదే. బడి మొదలైననాటి టీచర్లలో మిగిలింది నేనొక్కదాన్నే. కానీ నాకన్నా ఎంతో వెనక చేరిన, బడి యజమాని అయిన కరస్పాండెంట్ గారి కోడలిని అందులో కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి చేత ఏ ఏప్రిల్‌లోనూ రాజీనామా రాయించలేదట. ఆమె మీద నాకు కోపం లేదు. నేరుగా కరస్పాండెంట్ గారి గదిలోకి వెళ్లి, నా సీనియారిటీ ఏమైందని అడిగాను.

"మీరు ఏటేటా రాజీనామా ఇస్తున్నరు గద మేడం. మొన్న జూన్ల మల్ల చేరిండ్రు. రికార్డు ప్రకారం మీరు ఆమెకన్న జూనియర్," అన్నారాయన, టీ తాగుతూ.

నా ఒళ్లు మండిపోయింది. కోర్టుకు పోతానంటే ఇంట్లో మా ఆయన భయపడ్డాడు.

"కోర్టులంటే మనసొంటోళ్లతోని ఐతదా? ఉన్న నౌకరి గూడ పోతది."

"పోతే పోనియ్యి. గా కుర్సి నాది," అన్నాను.

నా వకీలు చిన్న వయసు అమ్మాయి. అంతా విని, మే నెలలో ఏం చేస్తారని మాత్రం రెండుసార్లు అడిగింది. చెప్పాను.

"గీ ముచ్చట మనం చెప్తే కాదంటరక్కా. ఆయన నోటి నుంచే రావాలె," అంది.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఒకరోజు కోర్టుకు వెళ్లి, మర్నాడు అదే బడిలో లెక్కలు చెప్పేదాన్ని. స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. నిన్నటిదాకా నా డబ్బాలోంచి పచ్చడి తిన్నవాళ్లే తల దించుకొని పోయేవారు. ఏడుపొచ్చేది. కేసు మాత్రం వదల్లేదు.

చివరికి కరస్పాండెంట్ గారు బోనెక్కారు. నా వకీలు ఆయనను గద్దించలేదు. రెండు గదుల బడిని ఇంత పెద్దగా ఎలా చేశారని మర్యాదగా అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఆయన ఏటా వార్షికోత్సవంలో మైకు పట్టుకొని చెప్పేదే. ఎవరైనా అడిగితే ఆయన ఆగలేరు.

"మా స్టాఫ్‌తోనే అమ్మా. వేరే బడులోళ్లు ఎండకాలం పండుకుంటరు. మావోళ్లు మే నెలంత ఊరూరు తిర్గుతరు. డ్యూటీలు నేనే ఏస్త."

"ఈ మేడం గూడనా?"

"ముందుగాల ఆమెనే పంపిస్త. బోధన్ దిక్కు పిల్లలంత ఆమె తెచ్చినోళ్లే."

ఆయన వకీలు కళ్లు మూసుకున్నాడు. నాకు నవ్వాగక కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మే నెలల్లోనూ పని చేయించుకున్నారు కాబట్టి నా సర్వీసు ఎక్కడా తెగలేదని, కుర్చీ నాకే ఇవ్వాలని తీర్పు వచ్చింది. వాళ్లు హైకోర్టుకు పోయారు. అక్కడ తేలేదాకా హెడ్‌మిస్ట్రెస్‌ను నేనే.

మొన్న ఏప్రిల్ చివర, కరస్పాండెంట్ గారు ఒక తెల్లకాగితాల కట్ట నా బల్ల మీదికి పంపారు. టీచర్ల రాజీనామాలు వసూలు చేయడం హెడ్‌మిస్ట్రెస్ పని కదా. స్టాఫ్‌రూమ్‌లో అందరూ అప్పటికే పెన్నుల మూతలు తీసి కూర్చున్నారు. నేను ఆ కట్ట తీసుకెళ్లి ఆయన బల్ల మీదే పెట్టాను.

"ఇవి నేను అడుగ సార్. మే నెలల తిరిగేటోళ్లు నౌకరిల ఉన్నట్టే. మీరే చెప్పిండ్రు, జడ్జి సారు ముంగట."

"హైకోర్టుల కేసు ఇంక నడుస్తున్నది మేడం. కుర్సి మల్ల పోతది, సూస్కోండ్రి."

"పోతే పోనీ సార్. నేనున్నన్ని దినాలు గా కుర్సి నుంచి ఒక్క రాజీనామా గూడ మీకు రాదు."

తిరిగి స్టాఫ్‌రూమ్‌కు వచ్చి, పెన్నులు మూసుకోమని చెప్పాను. నా పాత చోటులో కూర్చొని డబ్బా విప్పాను. కాసేపటికి ఒకామె లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.