అత్త మొక్కు, నా చెత్త డ్రమ్ము

ఒక పడవెడు చుట్టాలను కృష్ణలో ముంచబోయిన ఘనుణ్ని నేను. వరదలో కాదు, తుఫానులో కాదు, శుభ్రత పేరు మీద. నవ్వకండి. ఆ రోజు నేను వణికిన వణుకు చూసి ఉంటే, నవ్వే ముందు నా మీద ఒక దుప్పటి కప్పేవారు.

ముందు నా సంగతి చెప్పాలి. నాది గద్వాలలో చీరల దుకాణంలో పని. అంచు తడిమి నేత ఎలాంటిదో చెప్పగలను. నీళ్లంటే మాత్రం చచ్చేంత భయం. బకెట్లో కూడా లోతు చూసుకుని చెంబు ముంచే రకం. నీళ్ల తర్వాత నాకు అంత భయం మా అత్తంటేనే. పెళ్లయి అప్పటికి ఏడాది కాలేదు. ఆమె పాతకాలపు మనిషి, అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నా, "సుజాతా, అల్లునికి ఇంకింత అన్నం కావాల్నేమో అడుగు" అంటుంది. మా ఆవిడ అడగదు, నేనే వేసుకుంటాను. మా ఇద్దరి సంభాషణ అలా ఏ గొడవా లేకుండా సాగుతోంది.

మా బామ్మర్ది నర్సింహ రెండెకరాల చేను అమ్మి సొంతంగా ఒక పడవ కొన్నాడు. సోమశిల రేవు నుంచి వచ్చేపోయే జనాన్ని తిప్పుదామని వాడి ఆశ. పర్మిట్ ఇచ్చిన సారు గట్టిగానే చెప్పి పంపాడట. దిగువన నల్లమల ఉంది, పులులుండే అడవి. పడవలోంచి ఏ వస్తువూ నీళ్లలో పడకూడదు. తీసుకెళ్లిన చెత్తంతా తిరిగి తెచ్చి రేవులో చూపించాలి. మొదటి తిరుగుడులోనే తేడా వస్తే పర్మిట్ రద్దు.

ఆ మొదటి తిరుగుడుకు ఇంటిల్లిపాదీ బయల్దేరాం. రేవులో నర్సింహ నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, చేను పాయె. ఇగ పర్మిట్ గూడ పోతె నేను బొంబాయికి కూలికి పోవాలె. మనోళ్ల సంగతి నీకు తెల్వదా? ఏది చేతిలుంటె అది ఇసిరేస్తరు. చెత్త సంగతి జర నువ్వు చూసుకో."

"నేనున్నా కదా!" అన్నాను. ఈ రెండు ముక్కలు అన్నవాళ్లెవరూ తర్వాత సుఖపడలేదని నాకప్పుడు తెలియదు.

మూతున్న నీలం డ్రమ్ము ఒకటి నా ముందు పెట్టారు. లైఫ్ జాకెట్ మెడ దాకా బిగించుకుని, ఆ డ్రమ్మును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. భయపడేవాడికి అధికారం ఇవ్వకూడదండీ. వాడి భయమంతా ఊళ్లోవాళ్ల మీదికి తోలుతాడు. పల్లీల పొట్టు, అరటి తొక్క, జొన్నరొట్టె చుట్టిన కాగితం, ఎవరి చేయి అంచు దాటినా "ఆఁ! ఆఁ!" అని అరిచాను. మా చిన్నమామ పాన్ నములుతూ నీళ్ల వైపు మెడ చాచాడు.

"మామా, ఉమ్మొద్దు!"

"ఉమ్మి చెత్తనా అల్లుడా? అది నా సొంతం."

"సొంతమైతే డ్రమ్ముల దాచుకో మామా."

"ఏం అల్లుణ్ని తెచ్చిండ్రే!" అని మా అత్త వైపు తిరిగి, చిన్నమామ డ్రమ్ములోనే ఉమ్మాడు. మధ్యాహ్నం మటన్ తిన్నాక ఎముకలు, విస్తర్లు అన్నీ అందులోకే చేరాయి. ఎండకు కాసేపట్లోనే డ్రమ్ము వాసన పట్టింది. "దాన్ని దూరం పెట్టయ్యా, పాణం పోతుంది" అని ఆడవాళ్లంతా గోల పెడితే, దాన్ని వెనక్కి, మోటారు పక్కకు లాక్కుని వెళ్లి అక్కడే కాపలా కూర్చున్నాను.

పడవ నడి ఏట్లోకి వచ్చింది. కృష్ణ వెనక జలాలు అక్కడ సముద్రంలా ఉంటాయి, ఒడ్డు ఎక్కడో గీతలా కనిపిస్తుంది. నేను ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు మా అత్త సంచీలోంచి ఒక చీర తీసింది.

నా గుండె ఆగింది. మామిడిపిందె రంగు, ఎర్ర పట్టంచు, నిండు జరీ కొంగు. అచ్చమైన గద్వాల చీర. మడత విప్పి మూలలకు పసుపు కుంకుమ పెట్టి, కళ్లకద్దుకుని, నీళ్ల మీదికి వంగింది.

"అత్తమ్మా, ఆగు! ఏదీ ఎయ్యొద్దన్నరు!"

ఆమె నా వైపు చూడలేదు. "సుజాతా, అల్లునికి చెప్పు. చేను అమ్మిన్నాడే మొక్కుకున్న. నా కొడుకు పడవ మంచిగ నడిస్తె కృష్ణమ్మ తల్లికి చీర పెడత అని. మొక్కు తీర్చకుంటె పడవ ఒడ్డుకు రాదు."

"సుజాతా, మీ అమ్మకు చెప్పు. పర్మిట్ పోతె పడవ ఒడ్డుకొచ్చినా లాభం లేదు."

మా ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పకుండా కొబ్బరి ముక్క నములుతోంది. నర్సింహ మోటారు దగ్గర నుంచి, "బావ చెప్పింది నిజమేనే అమ్మా, సారు ఊకోడు" అన్నాడు. అత్త లేచి నా దగ్గరికి వచ్చింది. చీర నా చేతిలో పెట్టి, ముఖం తిప్పుకుని కూర్చుంది. ఆమె కళ్లలో ఉన్నది కోపం కాదు, భయం.

ఇక్కడ మీతో ఒక నిజం చెప్పాలి. పర్మిట్ కోసం సగమే. మిగతా సగం, ఆ చీర నీళ్లపాలవుతుంటే చీరల దుకాణంవాడి ప్రాణం ఒప్పుకోలేదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేస్తాడంటారు. నేను అత్త దానాన్నే సొమ్ముగా దాచబోయాను. డ్రమ్ము మీద పరిచి, చెంగు మూత కింద ఇరికించి, పైన చేయి వేసి పట్టుకున్నాను.

అప్పుడే గాలి లేచింది. నీళ్లు నల్లబడ్డాయి. ఒక అల వచ్చి పడవను పక్కకు ఒరిగించింది. నాకు చేతులు రెండే కదా. ఒకటి చీర మీద ఉంది, ఒకటి పడవ అంచు కమ్మీ మీద ఉంది. రెండో అల వచ్చేసరికి రెండు చేతులూ కమ్మీ మీదికే వచ్చాయి. చీర లేచి ఒకసారి గాలిలో తిరిగి, పడవ వెనక్కి జారిపోయింది. నేను చూశాను, నోరు మాత్రం లేవలేదు.

మోటారు దగ్గింది, మూలిగింది, ఆగిపోయింది.

"బావా, నీళ్లల్ల ఏమన్న పడ్డదా?"

"ఏం పడలే" అన్నాను. వెనకాల ఎర్ర జరీ కొంగు నీళ్ల మీద తేలుతూ చెయ్యి ఊపుతోంది.

"ఓరి బావా! మోటారు ఫ్యానుకు చుట్టుకున్నదే!"

మోటారు లేని పడవ గాలి ఎటు తోస్తే అటు పోతుంది. గాలి నల్లమల గుట్టల వైపు తోస్తోంది. ఆ ఒడ్డున రాళ్లు నీళ్లలోకి పళ్లలా పొడుచుకొచ్చి ఉన్నాయి. పిల్లలది ఏడుపు, ఆడవాళ్లవి "తల్లీ కృష్ణమ్మా" అని దండాలు. చిన్నమామ ధైర్యం చెప్పాలనుకున్నాడు పాపం. "రాళ్లకు తగిలినా ఏం గాదు, ఈత కొట్టొచ్చు. గాని సాయంత్రం పులులు నీళ్లు తాగనీకి గీ ఒడ్డుకే వస్తయట."

అప్పుడు, పెళ్లయ్యాక మొదటిసారి, మా అత్త సూటిగా నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

"అల్లుడా! తల్లి చీర తల్లికియ్యనియ్యవైతివి. ఇప్పుడు మమ్ముల గూడ ఆ డ్రమ్ముల ఏస్కొని తీస్కపోతవా?"

పులే మేలనిపించింది.

నర్సింహ నడుముకు తాడు కట్టుకుని, ఇంకో కొస నా చేతికిచ్చి నీళ్లలోకి దూకాడు. "బావా, ఇడిస్తె నేను పోత" అన్నాడు. ఆ మాటతో నా వణుకు చేతుల్లోంచి కాళ్లలోకి దిగింది. తాడును అరచేతికి మెలితిప్పుకుని, కళ్లు మూసుకుని, తెలిసిన దేవుళ్లందరికీ తలా ఒక కొబ్బరికాయ మొక్కాను. వాడు మునిగాడు, తేలాడు.

"ఊడి వస్తలేదు! ఉల్లిగడ్డలు కోసిన కత్తి ఇయ్యుండ్రి, కోస్త!"

నా నోరు నా మాట వినలేదండీ. "కొంగు దిక్కు కొయ్యకు నర్సింహా! జరీ పోతది!"

మా ఆవిడ లేచింది. "నీ దుకాణం మీద మన్నువొయ్య! నా తమ్ముడు నీళ్లల్లుంటె అంచు చూస్తున్నవా?"

నర్సింహ కోశాడు. కొంగున్న సగం అలల మీద మెల్లగా పోయింది. ఫ్యానుకు చుట్టుకున్న సగం పైకొచ్చింది. మోటారు మళ్లీ మొరిగింది. నేను తాడు వదలలేదు. నర్సింహ పడవ ఎక్కి చాలాసేపయ్యాక కూడా పట్టుకునే ఉన్నాను.

రేవులో సారు నిలబడి ఉన్నాడు. "నీళ్లల్ల ఏమన్న పడ్డదా?"

నర్సింహ ముఖం పాలిపోయింది. అబద్ధం ఆడదామంటే అప్పుడే ఒకసారి ఆడి చూశాను కదా, ఫలితం బాగాలేదు. "సగం చీర పడ్డది సార్. తప్పు నాదే, పడవది కాదు" అన్నాను.

"చీరనా? మొక్కు చీరనా?" సారు నెత్తి కొట్టుకున్నాడు. "మొక్కులకు రేవులనే గద్దె కట్టిచ్చినం కదయ్యా! ఆడ పెడితె పూజారి తీసుకుంటడు. పోయేటప్పుడు ఒక్క మాట అడగాలె గద?"

అడగలేదు. అడగాలని తోచనంత పెద్ద అధికారిని అయిపోయాను మరి.

"సరే, మిగిలిన చెత్తన్న తెచ్చినవా?" అంటూ ఆయన డ్రమ్ము మూత ఎత్తాడు. ఎండలో ఉడికిన ఎముకలు, విస్తర్లు, చిన్నమామ సొంత ఆస్తి కలిసి ఒక్కసారిగా ఆయన్ని పలకరించాయి. ఆయన ముక్కు మూసుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. "మూయి! మూయయ్యా! అంత తెచ్చిండ్రు, ఇంకేం మిగల్లే. ఈసారికి పర్మిట్ ఉంటది, పోండ్రి!"

నర్సింహ అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వాడిది సంతోషం, నాది ఇంకా దిగని భయం. అత్త తడిసిన సగం చీరను పిండి, దులిపి, చక్కగా మడతపెట్టి మా ఆవిడ చేతిలో పెట్టింది. మళ్లీ నా వైపు చూడడం మానేసింది.

"సుజాతా, తల్లికి కావాల్సిన సగం తల్లి తీసుకున్నది. మిగిలింది అల్లున్ని కట్టుకొమ్మను."

కాబట్టి చదువరులారా, కృష్ణ నీళ్లు దోసిట్లో పట్టుకుని, అంటే చెంబులో తెప్పించి పట్టుకుని, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట దేవతకూ మా అత్తకూ మధ్య జరిగే ఏ లావాదేవీలోనూ చేయి పెట్టను. చేయి పెట్టక తప్పకపోతే, రెండో చేత్తో కమ్మీ పట్టుకోను.