అత్తగారి కన్ను, యోసాము డోలు

అందుకే అంటున్నానండీ, యోసామును ఉత్త మొండివాడు అనేవాళ్ళెవరూ ఆ ఆగస్టులో మా చర్చి ఆవరణలో లేరు. నేనున్నాను. వచ్చినవాళ్ళకి అరటికాయలు ఉడకబెట్టి మెదుపుతూ, కంటికి కట్టు కట్టినవాళ్ళని చెయ్యి పట్టుకుని నడిపిస్తూ వారం రోజులూ అక్కడే ఉన్నాను.

యోసాము లుబ్వామా మా ఊళ్ళో మోటారుసైకిలు మీద మనుషుల్ని తిప్పుతాడు. నాలుగో క్లాసులో బడి మానేసి, మిషన్ బంగళాలో నీళ్ళు మోస్తూ ఇంగ్లీషు విని విని నేర్చుకున్నాడు. ఏటా ఓ వారం సముద్రాలు దాటి కళ్ళ డాక్టర్లు మా చర్చికి వచ్చి ఆపరేషన్లు చేస్తారు. ఆ వారం బండి గోడకి ఆనించేసి, వాళ్ళ మాట మాకూ మా మాట వాళ్ళకీ చెప్పడమే అతని పని. తొమ్మిదేళ్ళుగా ఇదే. ఎవరూ పిలవరు, తనే వస్తాడు. "దేవుడు నాకు ఆస్తి ఇవ్వలేదు, ఇంగ్లీషిచ్చాడు. వారం రోజులైనా ఆయన పనికి వాడొద్దా?" అంటాడు.

ఆ ఏడు డాక్టర్లున్న ఆఖరి రోజున యోసాముకి పిల్లనిచ్చిన అత్తగారు వచ్చింది. కవలల్ని కన్నది కాబట్టి ఊరంతా ఆమెను నాలోంగో అనే పిలుస్తాం. రెండు కళ్ళకీ పొరలు కమ్మేసి, గోడ తడుముకుంటూ నడిచేది. మర్నాడు పొద్దున్నే డాక్టర్లు వెళ్ళిపోతారు, మళ్ళీ ఏడాదికే రావడం. ఇంగ్లీషు తెలిసిన నర్సమ్మేమో జ్వరం వచ్చి ఆ ఉదయమే పట్నం వెళ్ళిపోయింది. ఇక మిగిలింది యోసామే.

మాలో అల్లుడు అత్తకి ఎదురుపడకూడదు, తాకకూడదు, నేరుగా మాట్లాడకూడదు, మొహంలోకి చూడకూడదు. హద్దు దాటితే చేతులు వణికే జబ్బు పట్టుకుంటుంది.

పక్కనే అతని గొంతు వినపడగానే నాలోంగో ఆపరేషన్ బల్ల మీద లేచి కూర్చుంది. "నన్ను ఇంటికి తీసుకుపోవే మిరియమూ. గుడ్డిదానిగా ఇన్నాళ్ళు తిన్నాను. వణుకుతూ తినలేను" అంది నాతో.

పాస్టరుగారు యోసామును పక్కకి లాగారు. "క్రీస్తును నమ్మినవాళ్ళకి ఇవన్నీ ఏంటయ్యా? లోపలికెళ్ళి నిలబడు."

"నా విశ్వాసం నాదండీ, భయం ఆవిడది. నా విశ్వాసం తీసుకెళ్ళి ఆవిడ కంట్లో వెయ్యలేను కదా. కానీ ఇవాళ ఆవిడ ఆపరేషన్ కాకుండా ఇంటికి వెళ్ళదు. అది మాత్రం చెప్తున్నా" అన్నాడు యోసాము.

అని, బయట కిటికీ దగ్గర మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. ఆపరేషన్ చేసే కారిన్ డాక్టరమ్మ చెప్పేది అతను నాకు చెప్పాలి, నేను నాలోంగోకి చెప్పాలి. దానికి నాలోంగో సరేనంది. మత్తు కంటికే గానీ మనిషికి కాదు. మొహమంతా ఆకుపచ్చ గుడ్డ కప్పి ఒక్క కన్ను వదిలారు. "పైకి చూడు" అన్న మాట నా దాకా వచ్చేసరికి డాక్టరమ్మ "కదలకు" అనేసింది. నేను రెండూ కలిపి చెప్పాను.

నాలోంగో తల తిప్పేసింది. "చూడమంటావా, కదలొద్దంటావా? ఏదో ఒకటి చెప్పి చావవే!"

ఇంకా కత్తి పెట్టలేదు కాబట్టి సరిపోయింది. డాక్టరమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. ఇలాగైతే కన్నే పోతుంది, చెయ్యను అంటోందని యోసాము చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా? చర్చిలోకి పరుగెత్తి, ప్రార్థనకి పిలిచే చిన్న డోలు చంకన పెట్టుకొచ్చాడు.

"అక్కా, అత్తగారితో చెప్పు. ఒక దెబ్బ పడితే పైకి చూడాలి. రెండు పడితే కిందికి. మూడు పడితే కదలొద్దు. ఇందులో నా గొంతు లేదు, డోలు చప్పుడే."

నాలోంగో గుడ్డ కిందనుంచే, "డోలుతో నాకేం వరస లేదులే. కొట్టమను. లెక్క తప్పాడంటే లేచి పోతానని కూడా చెప్పు" అంది.

డాక్టరమ్మ ముందు ఉత్తినే చేయించి చూసింది. దెబ్బ పడీపడగానే కన్ను తిరిగింది. అప్పుడు కత్తి తీసుకుంది.

బయట వరసలో ఉన్నవాళ్ళు ప్రార్థన మొదలైందనుకుని టోపీలు తీసేశారు. పాస్టరుగారు బైబిలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఎవరు కొట్టమన్నారు నిన్ను?"

"వచ్చారు కదా, మీరు ప్రార్థన చెయ్యండి. నాకు పనుంది" అన్నాడు యోసాము, తల తిప్పకుండా. మూడు దెబ్బలు.

అరగంట పట్టింది. నాలోంగో చెయ్యి వణుకుతుందేమోనని నేనే వణికాను. ఆవిడ చెయ్యి మాత్రం నా చేతిలో రాయిలా ఉంది.

మర్నాడు డాక్టర్లు బయల్దేరేముందు కట్టు విప్పారు. నాలోంగో రెప్పలు కొట్టుకుంటూ నన్నే చూసింది. "ఒసే మిరియమూ, నీ ముందు పళ్ళేమయ్యాయే?" గోడ అవతల యోసాము ఆ మాట విని అక్కడికక్కడే పకపకా నవ్వేశాడు.

కంట్లో వేసే చుక్కల మందు ఒక సీసా నాకిచ్చి, అది అయిపోయాక అందించమని రెండోది యోసాముకి ఇచ్చి వెళ్ళింది డాక్టరమ్మ. పది రోజులకి అది పట్టుకుని నాలోంగో ఇంటికి వచ్చాడు. ఇన్నాళ్ళూ ఆవిడకి కనపడదు కదా, కంచె దాకా వచ్చి గొంతు వినపడనివ్వకుండా అరటిగెల దించిపోయేవాడు. ఆ అలవాటుకొద్దీ బండి మీద కంచె దాకా వచ్చేశాడు. మేమిద్దరం వేరుశనగలు ఒలుస్తున్నాం. నాలోంగో తలెత్తింది.

"ఆ ఎర్ర చొక్కా ఎవడే? అయ్యో, అల్లుడే! ఆగక్కడే!" అని పైగుడ్డ మొహం మీదికి లాక్కుంది.

యోసాము బండి గిర్రున తిప్పాడు. "చూసింది అక్కా! అంత దూరం నుంచి చూసింది!" అని అరుస్తూ దుమ్ము లేపుకుంటూ పోయాడు.

"చూసిందిలేవయ్యా, మందు ఇచ్చి పోవూ!" అని వెనక నుంచి కేకేశాను. వింటేగా. సీసా అతని జేబులోనే వెళ్ళిపోయింది.