పాత పార్టు చేతికివ్వాలి

మా ఎదురింటి సన్యాసిరాజన్నయ్యకు ఒకటే పిచ్చి. పాత పార్టు కళ్ళారా చూడనిదే కొత్తది బిగించారంటే నమ్మడు. ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్ళుగా లారీ మెకానిక్. విప్పిన ప్రతి ముక్కనూ గుడ్డలో చుట్టి ఓనరు చేతిలో పెడతాడు. లోకమంతా అలాగే చెయ్యాలంటాడు. పన్ను పీకించుకుంటే, ఆ పన్ను చేతిలో పడ్డాకే కుర్చీలోంచి లేచాడు.

అలాంటి మనిషికి నడుములో డిస్కు అరిగింది. అది తీసేసి కృత్రిమ డిస్కు పెట్టాలన్నారు. రెండేళ్ళు గోడలు పట్టుకుని నడిచాడు గానీ ఒప్పుకోలేదు. ఈలోగా నా నడుముకూ అదే ఆపరేషన్ చెప్పారు. అంతకు ముందేడే మా ఆయన గుండె ఆపరేషన్‌కని వెళ్ళి తిరిగి రాలేదు. ఆ ఆపరేషన్ బల్ల నేనెక్కనని తేల్చి చెప్పేశాను.

ఆ వారంలోనే అన్నయ్య ఉన్నట్టుండి ఆసుపత్రికి బయల్దేరాడు. నూకాలు వదినకు తోడుగా నేనూ వెళ్ళాను.

"పొట్ట వైపు నుంచి తెరుస్తామండి," అన్నారు డాక్టరు.

"రిపేరు ఎనకాల, ఇప్పేది ముందరా? డిక్కీలో సామానుకి బానెట్టెత్తుతారేటి?"

"నరాలకు తగలకుండా అటే దారండి."

"సరే. పాత పార్టు నా సేతికిచ్చీయాల."

"అది ముక్కలుగా వస్తుందండీ."

"పర్లేదు, సంచీ తెచ్చుకున్నాను."

"ఊరుకో, పరువు తీసేత్తన్నావ్!" అంది వదిన.

చివరికి సీసాలో చూపించి, వాళ్ళే ఉంచేసుకున్నారు. అన్నయ్య అలిగి రెండు పూటలు జావ ముట్టలేదు.

మూడు నెలలకు వంగొచ్చన్నారో లేదో, రోజూ పొద్దున్నే మా గుమ్మంలో ప్రత్యక్షం. "సెల్లీ, ఇటు సూడు!" అంటూ వంగి పాలపాకెట్టు తీసేవాడు. కింద పెట్టి మళ్ళీ తీసేవాడు. ఓ రోజు అది పగిలి గుమ్మమంతా పాలు.

"మీ సర్కసు మీ గుమ్మంలో పెట్టుకోండన్నయ్యా!" అని తలుపేసేశాను.

కాసేపటికి వదిన వేరే పాకెట్టు తెచ్చింది. "మా ఇంట్లో సెంచా పడినా నన్నే తియ్యమంటాడు. వంగేది నీ గుమ్మంలోనే."

"ఎందుకూ?"

"నువ్వు బల్ల ఎక్కనన్నావని. 'ముందు నానెల్లొత్తాను, నన్ను సూసి సెల్లి ఎల్తాది' అన్నాడు. ఆపరేషన్ ముందురోజు బయానికి బాత్రూంలోంచి బయటికి రాలేదు, తెలుసా?"

నెల తిరక్కుండా నన్నూ ట్రాలీ మీద పడుకోబెట్టారు. థియేటరు తలుపు దగ్గర అన్నయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఆపండి! ముందు సక్రం కీసుమంటంది. ఇలాటి బండి మీద మా సెల్లిని పంపను."

జేబులోంచి నూనె డబ్బా తీసి, గొంతుక్కూర్చుని చక్రానికి చుక్కలు వేశాడు. నర్సు ఒకటే కేకలు. "నవ్వాపండమ్మా, ఊపిరి మామూలుగా తీసుకోండి," అని మత్తు డాక్టరు నాకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.