పదిహేడు డిగ్రీల పగ

ఊళ్లో పందులు పెంచేవాళ్లంతా ఆమెను విత్తనాలమ్మ అంటారు. ఇంటి వెనక రేకుల గదిలో ఆమె దాచేది ధాన్యం కాదు, పోతుపందుల వీర్యం. భర్త పొద్దున్నే పోతుల దగ్గర పట్టి తెస్తాడు. దాన్ని పలచన చేసి, ప్లాస్టిక్ బుడ్లలో నింపి, కరెంటు పెట్టెలో పదిహేడు డిగ్రీల దగ్గర ఉంచడం ఆమె పని. ఎద్దుదైతే గడ్డకట్టించి ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. ఇది అలా కాదు, కొత్తల్లుడి కన్నా తొందరగా అలుగుతుంది. వేడి తగిలినా చస్తుంది, చలి తగిలినా చస్తుంది. పూటపూటకీ బుడ్లను మెల్లగా బోర్లించి మళ్లీ నిలబెట్టాలి, లేకపోతే జీవమంతా అడుగున పేరుకుంటుంది. పసిపిల్లల్ని పక్క మార్చినట్టు మార్చేది ఆమె.

ఆమెకు పిల్లలు లేరు. ఆ సంగతి తను మరిచిపోయిన రోజున కూడా తోడికోడలు మరవదు. బావగారి భార్య, పక్కవాటాలోనే కాపురం. ఒకరోజు బుడ్ల కోసం వచ్చిన నలుగురి ముందూ నవ్వుతూ అనేసింది. "గొడ్రాలి చేతి విత్తనం నిలుస్తుందంటారా? ఏమో, నా పందుల అదృష్టం!" అంటూనే తన మూడు ఆడపందులకీ బుడ్లు ఇమ్మంది. సిగ్గనేది ఉంటే కదా!

"మంచివి తీసి ఉంచుతాలే అక్కా, సాయంత్రం రా" అంది విత్తనాలమ్మ. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయింది. ఆ మూడు బుడ్లూ తీసుకెళ్లి వంటింటి ఫ్రిజ్‌లో, పాల ప్యాకెట్ల పక్కన పెట్టింది. చల్లగా ఉంటే పాడవదనుకుని తెలియనివాళ్లు చేసే పొరపాటు అది. ఆమె తెలిసే చేసింది. సాయంత్రం లోపల మళ్లీ పెట్టెలోకి మార్చింది. చూడ్డానికి ఏ తేడా లేదు, లోపల ఒక్క ప్రాణమూ లేదు. చేతికిస్తూ "నీ పందుల కడుపు చల్లగా ఉండాలి అక్కా" అని దీవించింది కూడా.

మూడు వారాలు ఆమెకు అన్నం రుచిగా ఉంది. చూలు నిలవక పందులు మూడూ మళ్లీ ఎదకొచ్చి అరుస్తుంటే గోడ ఇవతల నుంచి విని హాయిగా నడుం వాల్చింది.

మర్నాడే తోడికోడలు రేకుల గది ముందుకొచ్చి, వరసలో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా అందుకుంది. "నేను చెప్తే విన్నారా? మూడుకి మూడూ నిలవలేదు. తప్పు పోతుది కాదు, చేతిది! ఆ చెయ్యి తగిలితే ఏదీ నిలవదు."

బుడ్డి అందుకోబోయిన ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెనకామె సంచి సర్దుకుంది. అప్పుడు అర్థమైంది విత్తనాలమ్మకి, తోడికోడలి మాటను తన చేతులారా తనే నిజం చేసి పెట్టానని. నోరు మూసుకుంటే బతుకంతా గొడ్రాలి చెయ్యి. నోరు విప్పితే మోసగత్తె, వ్యాపారానికి నేటితో నీళ్లొదులుకోవడమే.

"పోతు నీరసపడి ఉంటుంది వదినా" అని భర్త సర్దబోయాడు.

"పోతుకేం కాలేదు" అంటూ ఆమె గడప దాటి బయటికొచ్చింది. "నా చేతికీ ఏం కాలేదు అక్కా. నేనే ఫ్రిజ్‌లో పెట్టి చంపి ఇచ్చాను. నీ మీద కసితో, కావాలనే. ఈ చుట్టుపక్కల పుట్టిన ప్రతి పందిపిల్లా నా చేతి మీదుగా పుట్టిందే. నీకు మాత్రం పుట్టకూడదనుకున్నాను, పుట్టలేదు."

వరస చెదిరిపోయింది. భర్త తల పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. ఇక ఎవరూ రారని ఆమెకు తెలుసు. లోపలికెళ్లి పెట్టె స్విచ్ కట్టేసింది. అయ్యో అనిపిస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడి చూసింది. అనిపించలేదు.