పెనినా కట్టిన వంతెన

సవాయి దీవిలో మా ఊరి నుంచి సివిల్ ఇంజినీరింగ్ పాసైన మొదటి మనిషి మా తమ్ముడి కూతురు పెనినా. రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. ఊరంతా పందులు కాల్చి పండగ చేశాం. వాగు మీద వంతెన ఆమెకే అప్పగించాం. కాంక్రీటు గట్టిపడకముందే సెంట్రింగ్ విప్పించింది. స్లాబు కూలి, కింద పనిచేస్తున్న వాళ్ల నాన్నకు మోకాలి దాకా కాలు పోయింది.

పెద్దల సభలో అడిగాను. “కాలేజీలో కాంక్రీటు పోయడం చూపించలేదా అమ్మా?”

“చూపించారు పెదనాన్నా, తెరమీద.”

“నా కాలూ తెరమీదే పోయుంటే బాగుండేది,” అన్నాడు వాళ్ల నాన్న. అందరూ నవ్వారు. ఆమెను వెలివేయమని మొదట అడిగిందీ అతనే.

బడినీ చర్చినీ నిలబెట్టిన సభ మాది, మాట తప్పదు. ఆమెను వెలివేస్తూ తీర్పిచ్చాం: రాజధాని అపియాలో మేస్త్రీ కింద కాంక్రీటు కలిపి, పని వచ్చిందనిపించుకున్నాకే ఊళ్లో అడుగు పెట్టాలి. సభ పెట్టిన గడువు ప్రకారం పెనినా తిరిగి రావలసింది వచ్చే ఏడు జూలై మూడున.